అమ్మానాన్నలకి ఇల్లు వెతుకుతున్నారా? ముందు బాత్రూమ్ తలుపు చూడండి

అమ్మా, మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో చెప్తాను. తేడా ఉంటే దిద్దండి. నాన్నగారికి 73, అమ్మగారికి 68. హైదరాబాద్‌లో మూసాపేట వైపు రెండో అంతస్తులో, లిఫ్ట్ లేని ఇంట్లో అద్దెకుంటున్నారు. నాన్నగారు ప్రైవేటు మిల్లులో పనిచేసి దిగిపోయారు, ప్రావిడెంట్ ఫండ్ వాళ్ళిచ్చే ఈపీఎస్ పెన్షన్ నెలకి 2,300. చేతిలో 18 లక్షలున్నాయి. మీరు పుణెలో, మీ తమ్ముడు మస్కట్‌లో. ఇద్దరూ కలిసి నెలకి పదివేలు పంపగలరు. శంకరపల్లి దారిలో ఒక రిటైర్మెంట్ కమ్యూనిటీ చూస్తే 62 లక్షలు, పైన నెలకి 38 వేలు అన్నారు. ఉచిత వృద్ధాశ్రమాలకి ఫోన్ చేస్తే పిల్లలున్నవాళ్ళని తీసుకోమన్నారు. తెనాలి దగ్గర ఊళ్ళో నాన్నగారికీ మీ పెదనాన్నగారికీ వాటాలున్న పెంకుటిల్లు తాళం వేసి ఉంది. "మాలాంటి వాళ్ళ అమ్మానాన్నలకి మధ్యలో ఏమీ లేదా?" అని అడిగారు.

రెడీమేడ్‌గా లేదు. ఉందని చెప్పి మిమ్మల్ని ఇంకో నాలుగు సైట్ విజిట్‌లు తిప్పడం నాకిష్టం లేదు. అయితే మీ దగ్గరున్న డబ్బుతోనే అలాంటి ఇల్లు తయారు చేసుకోవచ్చు. అదెలాగో చెప్తాను. మధ్యలో ఎందుకు లేదో కూడా చెప్తాను, ఎందుకంటే ముప్పై ఒక్కేళ్ళు బలహీనవర్గాల ఇళ్ళు కట్టించిన ఇంజనీరుని నేను. ఆ లేకపోవడంలో నా వాటా కూడా ఉంది.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. నేను ఇంకా సర్వీసులో ఉండగానే జరిగింది. సొంత ఇల్లు, నేను దగ్గరుండి కట్టించుకున్నది. తెల్లవారుజామున అమ్మ బాత్రూమ్‌లో జారి పడింది. తలుపు లోపలికి తెరుచుకునే రకం. అమ్మ సరిగ్గా తలుపుకి అడ్డంగా పడింది. బయటినుంచి నేను తోస్తున్నాను, తలుపు ఆమె నడుముకి తగులుతోంది, ఆమె అరుస్తోంది. గట్టిగా తోస్తే ఆమెకి దెబ్బ, తోయకపోతే లోపలికి వెళ్ళే దారి లేదు. చివరికి పక్కింటి కుర్రాడు పలుగు తెచ్చి ద్వారబంధం పక్కన గోడ పగలగొట్టి తలుపు ఊడదీశాడు. నలభై నిమిషాలు పట్టింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ తర్వాత ఆమె మళ్ళీ ఒంటరిగా నడవలేదు.

ఆ తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టి ఉంటే అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేదు. వేల ఇళ్ళ ప్లాన్‌ల మీద సంతకం పెట్టినవాణ్ణి, ఒక్కదాంట్లోనూ ఆ తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడలేదు. మా టైప్ డిజైన్‌లో, అంటే అన్ని ఇళ్ళకీ వాడే ఒకే నమూనా ప్లాన్‌లో, లోపలికే ఉండేది. అలాగే కట్టాం.

అందుకని ఎవరు ముసలివాళ్ళకి ఇల్లు అడిగినా నేను మూడు విషయాలే చూస్తాను. బాత్రూమ్, మెట్లు, పిలిస్తే పలికే మనిషి. మీరు చూసిన 62 లక్షల కమ్యూనిటీలో ఈ మూడూ ఉంటాయి, కాదనను. కానీ ఆ 62 లక్షల్లో ఎక్కువ భాగం స్థలానికి, క్లబ్ హౌస్‌కి, గేటు దగ్గర ఫౌంటెన్‌కి పోతుంది. ఈ మూడింటి కోసం ఖర్చయ్యేది అందులో చాలా చిన్న ముక్క.

మీ లెక్క వేద్దాం. 18 లక్షలూ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో పెడితే ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీ మీద ఏడాదికి 1,47,600 వస్తుంది, అంటే నెలకి 12,300. మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. పెన్షన్ 2,300, మీరు పంపేది పదివేలు. మొత్తం 24,600. కొత్త ఖాతాలకి ఈ వడ్డీ మారొచ్చు కానీ ఒకసారి వేశాక ఐదేళ్ళూ వేసిన రోజు రేటే ఉంటుంది. అన్నీ అందులోనే పెట్టకండి, ఆసుపత్రికని ఒక రెండు మూడు లక్షలు పక్కన ఉంచండి. అప్పుడు నెలకి 23 వేల దగ్గర అనుకుందాం.

ఇందులో ఇంటికి ఎంత పెట్టొచ్చు? అమెరికాలో 1959 నుంచి సెక్షన్ 202 అని ఒక పథకం నడుస్తోంది, 62 దాటిన తక్కువ ఆదాయం వాళ్ళకి. అక్కడ ఇంట్లో ఉండేవాళ్ళు తమ ఆదాయంలో 30 శాతం అద్దె కింద కడతారు, మిగిలింది ప్రభుత్వం భరిస్తుంది. మనకి ఆ రెండో సగం లేదు, కానీ మొదటి సగం మంచి కొలత. 23 వేలలో 30 శాతం అంటే 6,900. ఏడు వేలు అనుకోండి. మూసాపేటలో ఏడు వేలకి గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్ దొరకడం కష్టం. దొరికినా చీకటి గది, బాత్రూమ్ మెట్ల కింద. గుంటూరు, తెనాలి, ఖమ్మం, కాకినాడ లాంటి ఊళ్ళలో మాత్రం కాళ్ళరిగేలా తిరిగితే దొరుకుతుంది.

దొరికినా ఇవ్వరు. ఆ సంగతి మీకు ఇంకా అనుభవంలోకి వచ్చినట్టు లేదు, అందుకే వివరంగా చెప్తున్నాను.

టులెట్ బోర్డు చూసి మీరు వెళ్తారు. ఓనరు బాగానే మాట్లాడతాడు. "ఎవరెవరుంటారమ్మా?" అంటాడు. "అమ్మా నాన్నా" అంటారు మీరు. "మీరుండరా?" అని అడుగుతాడు, గొంతు మారిపోతుంది. రెండు రోజులాగి ఫోన్ చేస్తే "మా బావమరిది వాళ్ళు వస్తామన్నారండీ" అంటాడు. బోర్డు మాత్రం నెలైనా అక్కడే వేలాడుతుంటుంది. అద్దె ఎగ్గొడతారని కాదు వాళ్ళ భయం. నిజానికి పెద్దవాళ్ళంత టంచనుగా అద్దె కట్టేవాళ్ళు ఉండరు. భయం చావు గురించి. అద్దె ఇంట్లో మనిషి పోతే శవాన్ని గుమ్మంలో పెట్టనివ్వని ఓనర్లు ఎంతమందో. ఆసుపత్రిలో పోయినవాళ్ళని ఇంటికి తేనివ్వక అటునుంచి అటే శ్మశానానికి తీసుకెళ్ళిన కుటుంబాలు నాకు తెలుసు. పైగా ధనిష్ఠా పంచకం, చెడ్డ నక్షత్రం అంటే మూడు నెలలో ఆరు నెలలో ఇల్లు మూసెయ్యాలంటారు. ఆ అద్దె ఎవరిస్తారు?

నమ్మకాల మీద వాదన పెట్టుకుని ఇల్లు సంపాదించలేం. నేను రెండుసార్లు చేసిన పని చెప్తాను. అగ్రిమెంట్ రాసేటప్పుడు మొహమాటం లేకుండా నేనే ఆ మాట ఎత్తాను. "అలాంటిది జరిగితే పదకొండో రోజు దాకా కార్యక్రమాలు ఇక్కడే జరుగుతాయి, తర్వాత ఇల్లు ఖాళీగా ఉంచాల్సివస్తే ఆరు నెలల అద్దె మేమే కడతాం, సున్నం వేయించి ఇస్తాం" అని ఒక వాక్యం రాయించాను. ఒక ఓనరు లేచి వెళ్ళిపోయాడు. ఇంకొకాయన కాసేపు నేల చూసి, "ఇంత స్పష్టంగా చెప్పినవాళ్ళు మీరేనండీ" అని సంతకం పెట్టాడు. ఆ దంపతులు ఏడేళ్ళుగా అక్కడే ఉన్నారు. మాట్లాడాల్సిన మాట ముందే మాట్లాడేస్తే భయం ఒక లెక్కలోకి వస్తుంది. మీ అమ్మానాన్నల ముందు మాత్రం ఇది మాట్లాడకండి, వాళ్ళని టీకి పంపించండి.

ముసలివాళ్ళ ఇల్లు అనే సమస్య అద్దె మార్కెట్ తనంతట తాను తీర్చదని నేననేది ఇందుకే. డబ్బున్నా తలుపు తెరవని చోట ప్రభుత్వమే ఓనరుగా ఉండాలి. మనకి ప్రభుత్వ ఇళ్ళు లేవా అంటే లక్షల్లో ఉన్నాయి. పెద్దవాళ్ళని దృష్టిలో పెట్టుకుని కట్టినవి లేవు.

చట్టం సంగతి చూడండి. 2007 తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల పోషణ సంక్షేమ చట్టం 19వ సెక్షన్‌లో, జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, కనీసం 150 మందికి, అని రాసి ఉంది. కానీ ప్రభుత్వం "పెట్టవచ్చు" అని రాశారు, "పెట్టాలి" అని కాదు. పైగా ఏ ఆధారమూ లేనివాళ్ళకే. 2011 జనాభా లెక్కల్లోనే 60 దాటినవాళ్ళు దేశంలో సుమారు 10.4 కోట్లు. కేంద్రం గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పాతికమంది, యాభైమంది ఉండే ఆశ్రమాలు కూడా దిక్కులేనివాళ్ళ కోసమే. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. మీ నాన్నగారి పేరు ఆ జాబితాలోకి రాదు, అంతే. ఆంధ్రలో వృద్ధాప్య పెన్షన్ 4,000 అయింది, తెలంగాణలో 2,016. ఆ పెన్షన్ మీదే బతికే మనిషికి అది ఏ పోర్షన్ అద్దెకీ చాలదు.

ఇక కట్టిన ఇళ్ళు. ఆంధ్రలో టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ పట్టణ పేదలకి కట్టిన ఇళ్ళు 300, 365, 430 చదరపు అడుగులు, జీ ప్లస్ త్రీ బ్లాకులు, అంటే గ్రౌండ్ ఫ్లోర్, పైన మూడంతస్తులు. నేను తిరిగి చూసిన బ్లాకుల్లో లిఫ్ట్ లేదు. హైదరాబాద్ పక్కన కొల్లూరులో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు 15,660 ఒకేచోట కట్టారు, ఒక్కోటి 560 చదరపు అడుగులు. లిఫ్టులున్నాయి. అయితే పేదవాళ్ళ బ్లాకులో లిఫ్ట్ పెట్టడం కంటే దాన్ని పదేళ్ళు నడిపించడం కష్టం. కరెంటు బిల్లు, రోప్ మార్పిడి, మెకానిక్. నెలకి రెండొందలు మెయింటెనెన్స్ వసూలు చేయలేక అసోసియేషన్లు చేతులెత్తేసిన చోట్లు చూశాను. లిఫ్ట్ ఆగిన రోజు ఆరో అంతస్తులో ఉన్న డెబ్భై ఏళ్ళ మనిషికి ఆ ఇల్లు జైలే.

ఒక పట్టణంలో లాటరీ తీశాం. పేర్లు చెప్పను. కంప్యూటర్ డ్రా, పారదర్శకం, అందరూ చప్పట్లు. ఒక ముసలావిడకి మూడో అంతస్తు వచ్చింది. ఒంటరి మనిషి, ఇస్త్రీ బండి మీద బతుకుతుంది. తాళంచెవి తీసుకుని దండం పెట్టింది. ఏడాది తర్వాత వెళ్తే ఆ ఇంట్లో ఎవరో కుర్రాళ్ళున్నారు. ఆవిడ పాత రేకుల షెడ్డులోనే ఉంది. "మెట్లెక్కలేను సారూ, కిందకి బండి తెచ్చుకోలేను, అద్దెకిచ్చేశాను" అంది. రూల్ ప్రకారం అది అతిక్రమణ. నోటీసు ఇవ్వాల్సినవాణ్ణి నేనే. ఇవ్వలేదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ మార్గదర్శకాల్లోనే ఉంది, వృద్ధులున్న కుటుంబాలకీ వికలాంగులున్న కుటుంబాలకీ వీలైనంతవరకు గ్రౌండ్ ఫ్లోర్‌లోనో కింది అంతస్తుల్లోనో ఇవ్వమని. "వీలైనంతవరకు" అన్న మాట లాటరీ సాఫ్ట్‌వేర్‌కి అర్థం కాదు. డ్రా తీసేముందు వయసు చూసి గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళు పక్కన పెట్టి వాటికి వేరే డ్రా తీస్తే సరిపోయేది. అంతస్తుకి ఎనిమిది ఇళ్ళుండే జీ ప్లస్ త్రీ బ్లాకులో గ్రౌండ్ ఫ్లోర్ అంటే నాలుగోవంతు ఇళ్ళు. ముసలివాళ్ళకి అది చాలు. బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

నన్నడిగితే ఇంకొకటి కూడా కావాలంటాను. ముసలివాళ్ళకి ఇల్లు సొంతం చేయాల్సిన పని లేదు. సింగపూర్‌లో 55 దాటినవాళ్ళు టూ రూమ్ ఫ్లెక్సీ ఫ్లాటుని పూర్తి 99 ఏళ్ళకి కాకుండా 15 నుంచి 45 ఏళ్ళ లీజుకి కొనుక్కోవచ్చు. భార్యాభర్తలకి కనీసం 95 ఏళ్ళు వచ్చేదాకా లీజు సరిపోతే చాలు. ఏళ్ళు తగ్గితే ధర తగ్గుతుంది. తర్వాత ఆ ఫ్లాటు ప్రభుత్వానిది. మన దగ్గర ప్రభుత్వ ఇల్లు అంటే పట్టా, పట్టా అంటే వారసులు. ఇంటి కోసం తగువులు కూడా దాంతోనే. ఆవాస్ యోజన రెండో విడత 2024లో మొదలైంది, అందులో అద్దె ఇళ్ళకి వేరే విభాగం పెట్టారు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళు, వలస కూలీలు, ఫ్యాక్టరీ కార్మికుల కోసం అంటున్నారు. ఆ జాబితాలోనే జిల్లా ఆసుపత్రికి ఆటో దూరంలో, ముసలివాళ్ళకి ఒక గది, వంటగట్టు, వెడల్పాటి బాత్రూమ్‌తో అద్దె ఇళ్ళు కడితే మీలాంటివాళ్ళ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. మా రిటైర్డ్ ఇంజనీర్లం కొంతమందిమి ఈ మాట అర్జీలుగా రాసి ఇస్తూనే ఉన్నాం. రసీదులు జాగ్రత్తగా ఫైల్ చేస్తున్నాం.

సరే, మీ ఇంటి విషయానికి వద్దాం. ఆ పెంకుటిల్లు గురించి మీరు ఒకే ఒక్క వాక్యం రాశారు. నాకు మొత్తం ప్రశ్నలో అదే ముఖ్యంగా కనిపించింది. గోడలు బాగుంటే, మీ పెదనాన్నగారి వాటాతో తగువు లేకపోతే, నేనైతే అటే చూస్తాను. అద్దె ఏడు వేలూ మిగిలితే దాంతో ఒక మనిషిని పెట్టుకోవచ్చు. తెలిసిన ఊరు, పలకరించే మనుషులు, తెనాలిలో ప్రభుత్వాసుపత్రి, పెద్ద అవసరమొస్తే గుంటూరు. మీరు పుణె నుంచి రావడానికి హైదరాబాద్ అయితే సులువు, నిజమే. కానీ మీరు ఏడాదికి మూడుసార్లు వస్తారు, వాళ్ళు ఏడాదంతా ఉంటారు.

పాత పెంకుటిళ్ళు ముసలివాళ్ళకి అనుకూలం అనుకుంటారు అందరూ, ఒకే అంతస్తు కదా అని. కాదు. అరుగు ఎత్తు రెండున్నర మూడడుగులు ఉంటుంది. వీధి మెట్లు తొమ్మిదంగుళాల ఎత్తు, చివర రెయిలింగ్ ఉండదు. గడప నాలుగైదు అంగుళాలు. బాత్రూమ్ పెరట్లో నూతి పక్కన. రాత్రి రెండింటికి లేచి టార్చి పట్టుకుని తడి గచ్చు మీద నడవాలి.

ర్యాంపు వేయిస్తామంటారు చాలామంది. ర్యాంపుకి లెక్క ఉంది, అంగుళం ఎత్తుకి పన్నెండంగుళాల పొడవు. రెండున్నర అడుగుల అరుగుకి ముప్పై అడుగుల ర్యాంపు కావాలి. మీ వీధి వాకిలి అంత ఉండదు. మేస్త్రీ ఉన్న జాగాలో పదడుగుల ర్యాంపు వేసి గచ్చు చేసి పోతాడు. అది జారుడుబల్ల. వానాకాలంలో దాని మీద మనం కూడా నడవలేం. నడవగలిగిన మనిషికి ర్యాంపు కంటే తక్కువ ఎత్తు మెట్లే మేలు. పాత మెట్లు కొట్టించి ఐదంగుళాల ఎత్తు, అడుగు వెడల్పుతో ఆరు మెట్లు కట్టించండి, రెండు వైపులా రాడ్డు, ఎత్తు 32 నుంచి 36 అంగుళాలు. మొదటి మెట్టుకీ చివరి మెట్టుకీ అంచున పసుపు గీత గీయించండి. శుక్లాలున్నవాళ్ళకి చివరి మెట్టే కనపడదు.

బాత్రూమ్‌ని ఇంట్లోకి తేవాలి. వెనక వసారాలో ఒక మూల ఆరడుగులు ఎనిమిదడుగులు తీసుకుంటే చాలు. లోపల ఐదడుగుల గుండ్రటి ఖాళీ ఉండేలా చూసుకోండి, రేపు చక్రాల కుర్చీ తిరగాలంటే అంత కావాలి. తలుపు మూడడుగులు. మామూలుగా మేస్త్రీలు బాత్రూమ్‌కి రెండుంపావు, రెండున్నర అడుగుల తలుపు పెడతారు, అందులో చక్రాల కుర్చీ పట్టదు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల గడియ వేసినా బయటినుంచి నాణెంతో తిప్పితే తెరుచుకునే రకం వేయించండి. గడప వద్దు. నీళ్ళు బయటికి రాకుండా నేలకి వాలు ఇస్తే సరిపోతుంది, మేస్త్రీ వినడు, మీరే దగ్గరుండి బకెట్టు నీళ్ళు పోసి చూడాలి. కమోడ్ సీటు నేలనుంచి 18 అంగుళాలు ఉండాలి. దుకాణంలో దొరికేవి చాలావరకు 15, 16 ఉంటాయి, కింద దిమ్మె కట్టించండి.

రాడ్ల గురించి ఒక జాగ్రత్త. మీ ప్లంబర్ టవల్ రాడ్డు తెచ్చి బిగిస్తాడు, చూడ్డానికి ఒకేలా ఉంటుంది. టవల్ రాడ్డు టవల్‌నే మోస్తుంది. ఒక పెయిడ్ హోమ్‌లో, పేరెందుకు, కమోడ్ పక్కన రాడ్డు ఉందని గొప్పగా చూపించారు. నేను రెండు చేతులతో పట్టుకుని నా బరువు వేశాను. ప్లాస్టిక్ ప్లగ్గులతో సహా చేతిలోకి వచ్చేసింది. ఆ మేనేజరు మొహం చూడాలి. గ్రాబ్ బార్ అని అడిగి తీసుకోండి, ఒకటిన్నర అంగుళాల లావు స్టీలు, గోడకి యాంకర్ బోల్టులు. నాలుగున్నర అంగుళాల గోడ అయితే అవతలి వైపు ప్లేటు పెట్టి బిగించాలి. బిగించాక మీ తమ్ముణ్ణి వేలాడమనండి.

పోయిన ఏడాది మా తోడల్లుడి ఊళ్ళో ఇలాంటి పెంకుటింటికే మెట్లు, బాత్రూమ్, వైరింగ్ కలిపి లక్షా డెబ్భై వేలయింది. సెప్టిక్ ట్యాంకు పాతదే వాడుకున్నాం. మీకు పెంకులు నేయించే ఖర్చు అదనం. రెండు లక్షలు దాటకుండా చూసుకోవచ్చు. శంకరపల్లిలో అడిగిన నెల ఖర్చుతో పోలిస్తే ఐదారు నెలల డబ్బు.

మూడోది, మనిషి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట వచ్చే ఒకావిడ, రాత్రి పలికే ఒక పొరుగిల్లు. పొరుగింటికి ఇంటి తాళంచెవి ఒకటి ఇచ్చి ఉంచండి. మంచం పక్కన వైర్‌లెస్ బెల్లు నొక్కితే పక్కింట్లో మోగేలా పెడితే చాలు, ఖరీదు వెయ్యి లోపే. నాన్నగారికి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, ఏడాదికి ఐదు లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు. ఆధార్ ఉంటే చాలు, ఈ వారమే చేయించండి. అమ్మగారికి ఇంకా రెండేళ్ళు ఆగాలి. 14567 ఎల్డర్‌లైన్ నంబరు ఫోన్‌లో పెట్టివ్వండి.

పెయిడ్ హోమ్ ఆలోచన మీరు పూర్తిగా వదలొద్దు. ఇద్దరిలో ఒకరు మిగిలినప్పుడు అది అవసరం కావచ్చు. చూడ్డానికి వెళ్తే చెప్పకుండా వెళ్ళండి, రాత్రి భోజనం వేళకి. "మంచాన పడితే ఉంచుకుంటారా?" అని అడగండి. చాలాచోట్ల "అప్పుడు తీసుకెళ్ళిపోవాలండీ" అంటారు. మనిషికి ఆశ్రమం నిజంగా కావాల్సింది అప్పుడే. రాత్రి ఎంతమంది సిబ్బంది ఉంటారో అడక్కండి, తొమ్మిదింటికి వెళ్ళి లెక్కపెట్టండి. డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో కాగితం మీద ఉండాలి. ఇక ఆ కమ్యూనిటీ మీద ఇంకా మనసుంటే, వాళ్ళు అమ్ముతున్నది సేల్ డీడా, లీజా, ఉత్త డిపాజిట్టా ముందు తేల్చుకోండి. అమ్మకం అయితే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, ఇచ్చిన నంబరు అడగండి. 2019లో కేంద్ర గృహనిర్మాణ శాఖ రిటైర్మెంట్ హోమ్‌లకి నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది, అందులో బిల్డరు, సేవలందించే సంస్థ, కొనేవాళ్ళు ముగ్గురూ కలిసి సంతకం పెట్టే ఒప్పందం ఉండాలన్నారు. అది చూపించమంటే సేల్స్ కుర్రాడు ఏం చెప్తాడో వినండి, చాలా తెలుస్తుంది.

చివరిగా, మీరు అడగని విషయం. ఇంటికి రిపేర్లు చేయిస్తున్నాం కదా అని, పనిలో పనిగా నాన్నగారి వాటా మీ తమ్ముడి పేరునో మీ పేరునో గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేయించేద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. మీరు మంచివాళ్ళే, మీ తమ్ముడూ మంచివాడే, అయినా వద్దు. వాళ్ళిద్దరూ ఉన్నంతకాలం ఇల్లు వాళ్ళ పేరునే ఉండనివ్వండి, కావాలంటే వీలునామా రాసుకోవచ్చు. తప్పనిసరిగా రాయాల్సి వస్తే, పోషణ చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. అదే 2007 చట్టం 23వ సెక్షన్ కింద ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ ఆ దస్తావేజుని రద్దు చేయొచ్చు. ట్రిబ్యునల్ అంటే ఆర్డీవో ఆఫీసే. షరతు లేకపోతే ఇబ్బందని 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, కొడుక్కి రాసిచ్చిన ఇల్లు తల్లికి తిరిగి అప్పగించమంది, ట్రిబ్యునల్ ఖాళీ చేయించి స్వాధీనం కూడా ఇప్పించవచ్చంది. ఆమె గెలిచింది సరే, సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది కదా.

వచ్చే నెల తెనాలి వెళ్తానన్నారు. వెళ్ళినప్పుడు టేపు తీసుకెళ్ళండి. వీధి అరుగు ఎత్తు, వెనక వసారా పొడవు వెడల్పులు, పెంకుల కింద వాసాలకి చెద ఉందో లేదో రాసుకోండి, ఫోటోలు తీయండి. అంతకంటే ముందు, ఈ రోజు రాత్రి మూసాపేట ఇంటికి ఫోన్ చేసి బాత్రూమ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో అడగండి. లోపలికి అయితే, ఇల్లు మారేదాకా గడియ వేసుకోవద్దని చెప్పండి, రేపు వడ్రంగిని పిలిపించి బందులు తిప్పించండి. ఓనరు ఒప్పుకోకపోతే తలుపు తీసి పక్కన పెట్టి మందపాటి కర్టెన్ కట్టించండి.